కుడితి గోలెంలో పీత తగువు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పీత అన్న మాట తాతయ్య చెవిన పడకూడదు. పడితే, అన్నం తింటున్న మనిషి కూడా ముద్ద మధ్యలో ఆపి, ఏ గట్టు మీద చూశారని అడిగేవాడు. మాది చంపావతి ఒడ్డున, గజపతినగరానికి దిగువన ఉన్న పల్లె. వరి పండే పల్లపు భూమి కొంచెం, తక్కినదంతా చోళ్లూ గంటెలూ, అంటే రాగులూ సజ్జలూ, వేసుకునే మెట్ట. ఉన్న ఆ కొంచెం పల్లంలో నీళ్లు నిలబెట్టడానికి రైతు ఎన్ని పాట్లు పడతాడో, వాటిని పోగొట్టడానికి పొలంపీత అన్ని పాట్లూ పడుతుంది. గట్టుకి ఈ పక్కనుంచి ఆ పక్కకి కన్నం పెడుతుంది. సాయంత్రం నిండుగా కనిపించిన మడి తెల్లారేసరికి నేల తేలి ఉంటుంది. పై మడివాడు కింది మడివాణ్ణి అనుమానిస్తాడు, కింది మడివాడు ఒట్లు పెట్టుకుంటాడు, ఇద్దరూ కలిసి మా వాకిట్లోకి వస్తారు. ఊళ్లో అలాంటి తగువులు తీర్చేది మా తాతయ్యే. ఆయనకి పీతలంటే ఒళ్లు మంటగా ఉండటంలో వింతేమీ లేదు.

తగువు తీర్చడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. వాకిట్లో కూర్చుని ఎవరి మాటా నమ్మేవాడు కాదు. ఇద్దరినీ వెంటబెట్టుకుని పొలం వెళ్లి, తెగిన గట్టుని కళ్లారా చూసి, అప్పుడు నోరు విప్పేవాడు. మనిషి తవ్వింది ఒకలా ఉంటుందనీ, ఎలక తవ్వింది ఒకలా, పీత తవ్వింది ఒకలా ఉంటుందనీ ఆయనకి బాగా తెలుసు. చూడకుండా చెప్పింది తీర్పు కాదనేవాడు. పీతల విషయంలో మాత్రం ఈ నియమం వర్తించేది కాదు. పీత కనిపించడమే నేరం, పార దించడమే శిక్ష.

అవి అరవైల చివరి రోజులు. పొట్టి రకం వరి విత్తనాలొచ్చాయని, ఎరువు వేస్తే విరగబడి పండుతుందని మగవాళ్లు తెగ చెప్పుకునేవారు. నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉంటాయి. ఆ వేసవి సెలవులకి మావయ్య వచ్చి నన్నొక్కదాన్నే అమ్మ కన్నవారింటికి తీసుకెళ్లాడు. ఆ ఊరు మా ఏటి చివర ఉంటుంది. మా పొలాల పక్కనుంచి పోయే చంపావతే అక్కడ సముద్రంలో కలుస్తుంది. అమ్మ రాలేదు. తమ్ముడు పుట్టినప్పుడు వెళ్లొచ్చిన మనిషి, వాడు పలక పట్టే వయసు వచ్చినా మళ్లీ ఆ దారి తొక్కలేదు. ఒక ఏడు గేదె ఈనింది, ఒక ఏడు నానమ్మకి నడుం పట్టేసింది, ఒక ఏడు మేనత్త పురిటికి వచ్చింది. వెళ్లొద్దని ఎవరూ అనలేదు, వెళ్లమనీ ఎవరూ అనలేదు. అమ్మ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. నన్ను బండెక్కించే ముందు, బాగానే ఉన్న జడని విప్పి మళ్లీ అల్లింది.

ఆ ఊళ్లో ఏరు సముద్రాన్ని కలిసే ముందు బాగా వెడల్పై, నెమ్మదిగా నడుస్తుంది. సముద్రం పాటుకి నీళ్లు వెనక్కి తీసినప్పుడు రెండు పక్కలా నల్లటి బురద బయటపడుతుంది. ఆ బురదనిండా చిన్నచిన్న పీతలు. మా పొలంపీతల్లో పిల్లలు కూడా వాటికన్నా పెద్దవే. ఒక చెయ్యి ఉందో లేదో అన్నట్టుంటుంది, రెండో చెయ్యి ఒళ్లంత ఉంటుంది. కళ్లు పుల్లల చివర అతికించినట్టు పైకి నిలబడి ఉంటాయి. ఆ పెద్ద చేతిని ఎత్తుతాయి, దించుతాయి, మళ్లీ ఎత్తుతాయి. ఒడ్డంతా అదే పని. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మావయ్య నవ్వాడు.

“సూడే, నిన్నే రమ్మని సెయ్యూపతన్నాది.”

పెద్ద చెయ్యి ఉన్నది మగదని, రెండూ చిన్నవిగా ఉన్నది ఆడదని, చెయ్యి ఊపడం పెళ్లి పిలుపని, అది నాకు కాదని అక్కణ్ణించి లేచాక చెప్పాడు. నాకేమీ చిన్నతనం అనిపించలేదు. పిలిచింది కాబట్టి అది నాదే అనుకున్నాను. ఇంటికి బయల్దేరే రోజు ఒకటి కావాలని పట్టుబట్టి ఏడ్చి సాధించాను. మావయ్య ఒక చెంబులో ఆ ఒడ్డు బురదే వేసి, పీతని అందులో పెట్టి, మూతికి తడిగుడ్డ కట్టాడు. అది నీళ్లలో ఈదేది కాదని, పూర్తిగా పొడినేల మీద బతికేదీ కాదని, కాస్త బురద, కాస్త నీరు ఉంటే చాలని బండిలో దారి పొడవునా చెప్పాడు. సగం దారిలో నేను నిద్రపోయాను.

మేం ఇల్లు చేరేసరికి అమ్మ నూతి దగ్గర ఉంది. మావయ్య నన్ను వాకిట్లో దింపి అలాగే బండి వెనక్కి తిప్పుకుపోయాడు. నానమ్మ గుడ్డ విప్పి, లోపలి నల్ల బురద చూసి ముక్కు మూసుకుంది. ఆవిడకి శుభ్రం పిచ్చి. చెంబు మురుక్కాలవలో బోర్లించి, పీతని నూతినీళ్లతో రెండుసార్లు కడిగి, ఇత్తడి గిన్నె నిండా నీళ్లు పోసి అందులో వేసింది. పాపం ఆవిడ మంచికే చేసింది, ఇంటికొచ్చిన చుట్టానికి కాళ్లు కడిగినట్టు. అమ్మ తడిచేతులతో వచ్చి, గిన్నెలోకి చూసి, తర్వాత కాలవలో ఒంపిన బురదని చూసి, అక్కడే కాసేపు నిలబడింది. వంగి వేలితో ఆ బురద కాస్త తీసుకుని వాసన చూసింది. నాకది వింతగా అనిపించింది గానీ పీత గొడవలో పడి ఎందుకని అడగలేదు.

గిన్నెలో పీతకి నిలబడే చోటు లేదు. అంచు పట్టుకుని ఎక్కబోతుంది, జారి మునుగుతుంది, మళ్లీ ఎక్కబోతుంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక నేను గిన్నె చుట్టూ తిరుగుతుండగా తాతయ్య పొలం నుంచి వచ్చాడు. ఏం జరిగిందో చెప్పక్కర్లేదు. భుజం మీద పార భుజం మీదే ఉంది, చెయ్యి దాని మీదికి పోయింది. దీన్ని ఇంట్లోకి ఎవరు రానిచ్చారని అడిగాడు. గొంతు పెంచలేదు, ఆయన గొంతు పెంచకపోతేనే భయం. నేను గిన్నెని రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నాను. ఆ నీళ్లన్నీ నా పరికిణీ మీద ఒలికిపోయాయి.

అప్పుడు నానమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అంది:

“ఊరందరి తగువులూ పొలానికెల్లి కల్లతో సూసి సెప్తావు. నీ ఇంట్లో పీత కాడికొచ్చేసరికి సూడకండా పారెత్తుతావేటి?”

తాతయ్యకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మామూలుగా ఆయన నానమ్మ మాటని పట్టించుకోనట్టే ఉంటాడు, పట్టించుకోకుండా మాత్రం ఉండడు. పార గోడకి ఆనించి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. సరే, తగువు పెడదాం అన్నాడు. ఇది గట్టుకి కన్నం పెట్టే జాతో కాదో చూద్దాం అన్నాడు. నావైపు వేలు చూపించి, షరతు స్పష్టంగా చెప్పాడు.

“గట్టుకి కన్నం ఎట్టిందా, పార కిందకే. మల్లీ ఏడిస్తే ఊరుకోను. ఎట్టలేదా, మన ఉభాలు అయ్యేవరకూ నీకాడే ఉంటాది.”

ఉభాలంటే మా వైపు వరినాట్లు. అప్పటికింకా ఆకుమడి కూడా దున్నలేదు. అంటే చాలా రోజులు. నేను తల ఊపాను. ఊపక చేసేదేముంది?

గొడ్లసావిడి పక్కన అంచు పగిలిన కుడితి గోలెం ఒకటుండేది. తాతయ్య పొలం నుంచి జిగురు మట్టి తెచ్చి, గోలెం మధ్యలో అడ్డంగా ఒక గట్టు వేశాడు. నేను ఆడుకునేందుకు వేసినట్టు వెయ్యలేదు, నిజం గట్టు వేసినట్టే అరచేత్తో తట్టి, తడిపి, మళ్లీ తట్టి వేశాడు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క తడి మట్టి, మట్టి నీళ్లవైపుకి ఏటవాలుగా. ఆయన చేసింది వరిమడి. పీతకి మాత్రం అది ఇల్లే అయ్యింది. గిన్నెలో కొట్టుకుని అలిసిపోయినది ఆ తడి మట్టి మీదికి ఎక్కి, కళ్లు పైకి నిలబెట్టి, కదలకుండా కూర్చుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

తాతయ్య అక్కడితో ఆగలేదు. పోల్చి చూడకుండా ఏ సంగతీ తేలదని, చెరువు కింద నుంచి ఒక పొలంపీతని పట్టుకొచ్చాడు. మెడ విరిగిన కుండలో దానికీ అలాగే గట్టు వేసి పెట్టాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి నన్ను పిలిచి, తేడాలేవో చెప్పమన్నాడు. పొలంపీత డొప్ప వెడల్పుగా, నున్నగా, ఎండు తాటాకు రంగులో ఉంది. రెండు చేతులూ ఇంచుమించు సమానం. కళ్లు పొట్టివి, గుంటల్లోకి పోతాయి. నాదాని డొప్ప ముందు వెడల్పుగా, వెనక సన్నగా ఉంది. చెయ్యి ఒకటే పెద్దది. కళ్లు పొడుగు. నేను చెప్పేకొద్దీ తాతయ్య ఊఁ కొట్టాడు. ఇంకా చూడు, ఇంకా చూడు అన్నాడు. చూస్తే ఇంకా కనిపించాయి. అంతసేపు ఒక్క ప్రాణిని చూడటం నాకు అదే మొదలు.

తెల్లారేసరికి పొలంపీత కుండలో గట్టు తెగిపోయి ఉంది. నీళ్లన్నీ అటు నుంచి ఇటు వచ్చేశాయి. ఆ పీత ఆ కన్నంలోనే దర్జాగా కూర్చుని ఉంది. గోలెంలో గట్టు గట్టులాగే ఉంది. నాది అంచు దగ్గర తిన్నగా కిందికి ఒక గొయ్యి తవ్వుకుని, లోపలికి పోయి, మట్టి ఉండతో పైన తలుపు వేసుకుంది. నేను గెంతులు వేశాను. ఒక్క రాత్రికి ఏమీ తేలదన్నాడు తాతయ్య. పొలంపీతని పులుసు పెడతానంది నానమ్మ. తగువు తేలేదాకా అదీ ఉండాలని తాతయ్య ఒప్పుకోలేదు. కుండ మీద గంప బోర్లించి, గంప మీద రాయి పెట్టాడు. పార మాత్రం గోలెం పక్కనే గోడకి ఆనించి ఉంచాడు. నేను పొద్దున్న లేస్తూనే ముందు గట్టు చూసేదాన్ని, తర్వాత పార చూసేదాన్ని, తర్వాతే మొహం కడుక్కునేదాన్ని.

కొన్నాళ్లకి నా పీత మందగించింది. గోతిలోంచి రాదు, వచ్చినా నాలుగడుగులు వేసి ఆగిపోతుంది. మెతుకు వేస్తే ముట్టదు. పెద్ద చెయ్యి నేలకి ఆనించి పడుకుంటుంది. పుల్లతో కదిపితే కదిలీ కదలనట్టు కదులుతుంది. నాకు భయం వేసి ఏడుస్తుంటే తాతయ్య వచ్చి చూశాడు. ఆయనకీ అది చూస్తే బాగా అనిపించలేదు. తగువు మధ్యలో ఉండగా ముద్దాయి చచ్చిపోతే ఎలా? నీళ్లు మార్చి చూశాడు, మట్టి మార్చి చూశాడు, ఎండ తగులుతోందని గోలేన్ని నీడకి జరిపాడు. దీనికి ఏం తక్కువ చేశాం అని ఆకాశాన్ని అడిగినట్టు పైకే అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో మా ఇళ్లలో కోడలు మావగారితో ఎదురుగా నిలబడి మాట్లాడేది కాదు. ఏదైనా చెప్పాలంటే వంటింటి తలుపు వెనకనుంచి పిల్లలతో చెప్పించేది. అవతలి మనిషి చెవికి మాట ముందే చేరినా సరే, మధ్యలో మేం మళ్లీ చెప్పాల్సిందే. ఆ ఇంట్లో నా మొదటి ఉద్యోగం అదే. ఆ రోజు తలుపు వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది.

“తాతకి సెప్పు. దానికి మన నీల్లు సప్పగున్నాయి. అది ఉప్పునీటి కాడ పుట్టింది.”

చెప్పాను. ఎంత ఉప్పు కావాలో మీ అమ్మనడుగు అన్నాడు తాతయ్య. సముద్రమంత కాదని, ఏటి నీరూ కలుస్తుంది కాబట్టి నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాలనీ అనిపించదు, మింగాలనీ అనిపించదని, అంత ఉంటే చాలని అమ్మ అంది. అదీ చెప్పాను. తర్వాత, అడగని మాట ఒకటి తలుపు వెనకనుంచి వచ్చింది.

“ఈ ఇంటికొచ్చిన కొత్తలో నాకూ ఈ నీల్లు సయించలేదని సెప్పు. ఉప్పుగల్లు నాలిక మీదేసుకుని తాగేదాన్ని.”

నేను మామూలుగానే గట్టిగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేశాను. నానమ్మ చేతిలో చేట ఆగింది. తాతయ్య గోలెం లోపలికే చూస్తూ ఉండిపోయాడు. అమ్మ కాపరానికొచ్చిన కొత్తలో ఏదీ సరిగా తినేది కాదట, నీళ్లు తాగినా మొహం అదోలా పెట్టేదట. పిల్లకి పొగరని ఇంటిల్లిపాదీ అనుకున్నారట. పెళ్లి కుదిర్చిన మధ్యవర్తిని పిలిచి ఆ మాట అన్నది మా తాతయ్యేనట. ఇవన్నీ చాలా ఏళ్ల తర్వాత నానమ్మే నాకు చెప్పింది. ఆ రోజు నాకు తెలిసిందల్లా తాతయ్య ఎవర్నీ పిలవకుండా తనే లేచి, వంటింటి గుమ్మం బయట నిలబడి, కల్లుప్పు కుండ ఇలా ఇమ్మని అడిగాడన్నదే.

వేరే కుండలో ఉప్పు కరిగించారు. తాతయ్య గరిటెడు తీసి నాకిస్తాడు, నేను లోపలికి తీసుకెళ్తాను, అమ్మ నోట్లో పోసుకుని చూసి చెప్తుంది. ఇంకొంచెం, ఇంకొంచెం. ఒకసారి ఎక్కువైతే నూతినీళ్లు కలిపారు. కుదిరిందని అమ్మ అన్నాక కూడా అంతా ఒక్కసారి పొయ్యొద్దంది. రోజూ కాస్త పాతనీళ్లు తీసి కాస్త కొత్తనీళ్లు పోస్తూ వస్తే దానికి అలవాటవుతుందంది. తాతయ్య ఆ మాట తూచా తప్పకుండా చేశాడు. కోడలి మాట విని ఆయన ఏదైనా చెయ్యడం నేను చూడగా అదే మొదటిసారి.

పీత కోలుకుంది. మధ్యాహ్నం ఎండ వాలాక గోతి తలుపు తోసుకుని వచ్చేది. చిన్న చేత్తో మట్టి తీసి నోట్లో పెట్టుకుని, అందులో తినాల్సింది తిని, మిగిలిన మట్టిని మిరియపు గింజంత ఉండ చేసి పక్కన పెట్టేది. సాయంత్రానికి దాని గోతి చుట్టూ ఉండలే ఉండలు. మెతుకో, నలిపిన ఎండుచేప పొడో చిటికెడు వేస్తే అదీ తినేది. ఒకరోజు ఉన్నట్టుండి పెద్ద చెయ్యి ఎత్తి ఊపింది. నేను అరుచుకుంటూ వెళ్లి అందర్నీ పిలుచుకొచ్చాను. తాతయ్య చూసి, ఎవరిని పిలుస్తోందో అని మాత్రం అన్నాడు. అప్పటినుంచి భోజనం అయ్యాక చుట్ట ముట్టించుకుని గోలెం పక్కన కూర్చోవడం ఆయనకి అలవాటైంది. గట్టు చూడటానికే అనేవాడు. సరేలే అనుకునేవాళ్లం.

వానలు పడ్డాయి, దుక్కులయ్యాయి, ఉభాలు మొదలయ్యాయి. ఇంకొన్ని రోజులు గడిస్తే నా పీత గెలిచినట్టే. అలాంటప్పుడు ఒక రాత్రి గాలివాన కొట్టింది. పొద్దున్న లేచి వెళ్లి చూస్తే గోలెంలో గట్టు తెగి ఉంది. మధ్యలో గండి. నీళ్లు రెండు పక్కలకీ ఒక్కటైపోయాయి.

నా వెనకే తాతయ్య వచ్చాడు. పొలానికి బయల్దేరుతున్న మనిషి, గట్టు చూసి ఆగిపోయాడు. ఆ వారమంతా ఆయన మడుల గట్లతో అవస్థ పడుతున్నాడు, ముందురోజే ఒక మడి ఎండిపోయింది. మొహం నల్లబడింది. మాటంటే మాటే అన్నాడు. చెయ్యి చాచి పార అందుకున్నాడు. నేను ఏడవలేదు, ఏడవనని ఒప్పుకున్నాను కదా. గోలెం అంచు మాత్రం గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. చెంగు భుజం చుట్టూ కప్పుకుని, వాకిట్లో, మావగారికి ఎదురుగా వచ్చి నిలబడింది. గోలెంకేసి చూస్తూ నిలబడింది, అంతే.

తాతయ్య అమ్మని చూశాడు. పార కిందికి దిగింది. ఆయన గోలెం పక్కన గొంతుకూర్చున్నాడు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, కూర్చోవడానికి గోడ పట్టుకున్నాడు. గండిలో వేలు పెట్టాడు. రెండు వేళ్లు పెట్టాడు, రెండూ పట్టాయి. తర్వాత నా పీత గోతి చూశాడు. తలుపు వేసే ఉంది. దాని వెడల్పు నా చిటికెన వేలంత. గండి దగ్గర తవ్విపోసిన మట్టి చూశాడు, పెద్దపెద్ద పెళ్లలు. నా పీత ఉండలు మిరియాలంత. చూసేకొద్దీ ఆయన మొహం మారుతూ వచ్చింది. మెల్లగా తల తిప్పి పక్కనున్న కుండవైపు చూశాడు. పైనున్న రాయి జారిపోయి, గంప గాలికి ఎగిరి గోడవారన పడి ఉంది. కుండ ఖాళీ.

గండిలోకి వేళ్లు ఇంకా లోపలికి పోనిచ్చాడు. వెంటనే అబ్బా అని చెయ్యి లాక్కున్నాడు. వేలికి పొలంపీత వేలాడుతోంది. నానమ్మ నవ్వు మా ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. గోడ పట్టుకుని, కడుపు పట్టుకుని, చివరికి నేలమీద కూర్చుని నవ్వింది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతయ్య వేలు విదిలించి, పీతని కింద పడేసి, కాలితో కదలకుండా తొక్కిపట్టి, మళ్లీ పార అందుకున్నాడు. అప్పుడు నాకెక్కడి ధైర్యం వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

“దాన్ని మనవే తెచ్చి కుండలో ఎట్టేం కదా తాతా. అదేటి సేస్తాది?”

ఆయన నన్ను చూశాడు, కాలి కింది పీతని చూశాడు. దాని చోటు దానిది, గట్టు దాని చోటు కాదు, అంతే తప్పు అన్నాడు. తలగుడ్డ తడిపి, పీతని అందులో మూటకట్టి, పొలానికి పోతూ దారిలో ఉన్న గెడ్డలో, అంటే మా ఊరి వాగులో, వదిలేశాడు. అంతమాత్రాన ఆయన మారిపోయాడని చెప్పను. ఆ తర్వాత కూడా గట్టు మీద పీత కనిపిస్తే పార ఎత్తేవాడు. కాకపోతే దించే ముందు కన్నం గట్టుని దాటి పోయిందో లేదో చూసేవాడు. దాటకపోతే వదిలేసేవాడు. మా పొలం పనులు చేసే పాలికాపు ఆ సంగతి చెప్పి ఊరంతటినీ నవ్వించాడు.

ఉభాలు అయిపోయాయి. ఆ రాత్రి భోజనాల దగ్గర తాతయ్య గొంతు సవరించుకుని, పీత గడువు తీరిందన్నాడు. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్లు పరాయి నీళ్లలో ఉందని, ఇక దాని ఊళ్లో దాన్ని దిగబెట్టాలని అన్నాడు. నాకు బెంగ కలిగింది గానీ కాదనలేకపోయాను. చెయ్యి ఊపినప్పుడల్లా దానికి జవాబు చెప్పేవాళ్లు గోలెంలో ఎవరూ లేరని నాకూ తెలుసు. ఎవరు తీసుకెళ్తారని నాన్న అడిగాడు. తాతయ్య విస్తట్లోకి చూస్తూ, వంటింట్లోకి వినపడేలా చెప్పాడు.

“దాని ఊరు తెలిసినోలే దిగబెట్టాల. దిగబెట్టి ఎంటనే వచ్చేడం కాదు. అది కుదుటపడ్డాదో లేదో సూసి రావాల. నెల్లాల్లయినా పడతాది.”

నానమ్మ మజ్జిగ పోస్తూ, అంత చిన్న పీతకి నెల్లాళ్లా అంది. పోస్తూనే మొహం పక్కకి తిప్పుకుంది. నాన్నకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది, ఆయన ఎప్పుడూ అంతే. నేను చెంబు తెద్దామని వంటింట్లోకి వెళ్తే, అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఆరిపోయిన పొయ్యిని ఊదుతోంది. కళ్లలో నీళ్లున్నాయి. పొగా అమ్మా అని అడిగాను. అవునంది. పొగ ఎక్కడా లేదు.

మర్నాడు బండి తాతయ్యే కట్టాడు. అమ్మ, తమ్ముడు, నేను, నా ఒళ్లో చెంబు. దారంతా అమ్మ మాట్లాడుతూనే ఉంది. ఆ చెట్టు, ఈ రేవు, అక్కడ తను ఏ వయసులో పడి మోకాలు కొట్టుకుందో, అన్నీ. మా అమ్మకి అన్ని మాటలు వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఏటి మొగ దగ్గర బండి ఆగగానే అమ్మ పుట్టింటికి కూడా పోకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగింది. దోసిలితో తీసి మొహం కడుక్కుని, కొంచెం నోట్లో పోసుకుంది. ఉమ్మెయ్యలేదు.

పీతని బురద మీద వదిలాను. కాసేపు కళ్లు నిలబెట్టి చూసింది. తర్వాత పక్కకి, ఇంకా పక్కకి నడుస్తూ వెళ్లి మిగతావాటిలో కలిసిపోయింది. ఒడ్డంతా చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. అన్నాళ్లు పెంచినదాన్ని, ఏ గుర్తు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగినదాన్ని, ఇప్పుడు ఏది నాదో పోల్చుకోలేకపోయాను. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. వెనక్కి చూస్తే అమ్మ మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి తమ్ముడికి చెయ్యూపుతోంది, నవ్వుతూ. ఆ నెలంతా మేం అక్కడే ఉన్నాం. ఆ తర్వాత ప్రతి ఏడూ ఉభాలు అవగానే తాతయ్య ఏదో ఒక వంక కనిపెట్టి బండి కట్టేవాడు. వంకలు ఏడాదికేడాది నమ్మశక్యం కాకుండా తయారయ్యాయి. వాటిని ఎవరూ ప్రశ్నించలేదు.

తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆయన తీర్చిన తగువులు ఎన్నున్నా, నాకు అబ్బింది మాత్రం ఆ పొద్దున్న పార దించి ఆయన కూర్చున్న కూర్చోవడమే. నాకు కోపం ఎక్కువ. నోరు కూడా ఎక్కువేనని మా వాళ్లంటారు, నేను ఒప్పుకోను. మా ఇంటికి కోడలు వచ్చాక ఆ కోపానికి పనీ బాగానే దొరికింది. అయితే మాట నాలిక చివరిదాకా వచ్చినప్పుడు, ఏ పని మీదున్నా సరే, నేను ముందు నేలమీద కూర్చుంటాను. కూర్చుని ఆ పిల్ల ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో చూస్తాను. చూస్తుంటే కోపం సగానికి వస్తుంది. మిగతా సగం లేచేటప్పుడు పోతుంది. ఇప్పుడు నా మోకాళ్లు కూడా మా తాతయ్య మోకాళ్లలాగే ఉన్నాయి, చెయ్యి ఇవ్వకపోతే లేవలేను. వచ్చి ఆ చెయ్యి ఇచ్చేది ఎప్పుడూ మా కోడలే.